ఒకే పేరు, ఒకే ఊరు

చోడవరం బస్టాండుకు దగ్గర్లోని ఆసుపత్రిలో పాత కేసు షీట్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని శాలోమిది. ఆమె రాసిన ప్రోగ్రాం ఒక్కో షీటు స్కానుకూ రోగి పేరు, ఊరు, పడని మందుల వివరాలు జతచేసి, హెచ్‌టీటీపీ అనే వెబ్ పద్ధతిలో సెర్చ్ సర్వర్‌కు పంపింది. వార్డులో నర్సు పేరు కొడితే పాత వైద్యమంతా తెర మీదికి వచ్చేస్తుంది. వాడకం ఆ పొద్దుటే మొదలైంది. పంపిన ప్రతి షీటుకూ సర్వర్ ‘అందింది’ అనే చెప్పింది.

మధ్యాహ్నం అన్నం తినొచ్చి చూసుకుంటే, సర్వర్లో ఉన్నవి పంపినవాటికన్నా తక్కువ. ఎర్రర్ ఒక్కటీ లేదు. మరి మిగతావి ఏమైనట్టు?

ప్రోగ్రాం మళ్లీ చదివింది. ప్రతి షీటుకూ గుర్తుగా దాని మీదుండే ఆసుపత్రి నంబరు ఇవ్వకుండా, పేరునూ ఊరునూ కలిపి ఇచ్చింది తను. ఒకే ఊళ్లో ఒకే పేరు ఇద్దరికుంటే, రెండో షీటు వెళ్లి మొదటిదాన్ని చెరిపేసి ఆ చోట కూర్చుంది.

అంతలోనే వార్డు నుంచి ఎవరో వెతికినట్టు తెర మీద కనిపించింది: పైడితల్లి, దేవరాపల్లి.

శాలోమి తన దగ్గరున్న స్కాన్లు తెరిచింది. దేవరాపల్లి పైడితల్లులు ఇద్దరు. సర్వర్లో మిగిలింది పడుచు పైడితల్లిది. ఏ మందుతోనూ ఇబ్బంది లేదు. చెరిగిపోయింది పెద్దావిడది. భర్త సత్తిబాబు. కింద ఎర్రసిరాతో, ‘పెన్సిలిన్ పడదు. ఊపిరి ఆడలేదు.’

వార్డుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది.

మంచం మీద కాలు వాచిపోయి, జ్వరంతో మూలుగుతున్న ముసలావిడ. నర్సు కృపామణి చేతిలో సిరంజి.

“అక్కా, ఆపు! ఇవ్వకు!”

“ఏటే ఆ కేకలు? కంప్యూటర్లో సూసే కదా రాసేరు డాక్టరుగారు.”

“అది వేరే పైడితల్లిది. మీ నాన్న పేరేటమ్మా?” పక్కనున్న కూతురు దేవిశ్రీని అడిగింది.

“సత్తిబాబండి.”

శాలోమి పక్క మంచం దగ్గరున్న డాక్టర్ రఘునందన్ వైపు తిరిగింది. “ఈవిడకి పెన్సిలిన్ పడదు సార్. తప్పు నేనే చేసేను. ఇంకొందరివీ ఇలాగే పోయేయి.”

ఆయన మొహం ఎర్రబడింది. సిరంజి తీసి పక్కన పెట్టించి, వేరే మందు రాశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: “ఆ సెర్చ్ ఇప్పుడే ఆపేయ్. అంతా సరిచేసేవరకూ కాయితాలే తీసి చూద్దాం.”

శాలోమి అక్కడే ఫోన్లోంచి ఆపేసింది. బయటికి వస్తుంటే దేవిశ్రీ వెంటపడింది.

“ఏటైంది మేడం? మాయమ్మకేటి?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. శాలోమి నిలబడి, జరిగినదంతా చెప్పింది.

“ఇంకొకరికి అవ్వకుండా సూడండి,” అని దేవిశ్రీ తల్లి దగ్గరికి వెళ్లిపోయింది.

శాలోమి పైకి వెళ్లి, ఆసుపత్రి నంబర్లతో మొదటి షీటు నుంచీ మళ్లీ పంపడం మొదలుపెట్టింది. ఈసారి ‘అందింది’ అన్న మాటను నమ్మలేదు. పంపినదాన్నల్లా వెతికి, తెరిచి, పేరు చదివాకే ఇంకోటి పంపింది. సాయంత్రం పైడితల్లి లేచి కూర్చుని టీ అడిగిందని కృపామణి చెప్పేసరికి, కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చేసింది.