తంబూరా మీద కాగితం ముక్క

గురువు పోయాక ఆయన తంబూరా, తనలో ‘నేను’ అన్నది మిగలని మనిషి పాడితే తప్ప బదులు పలకదని ఆ సూఫీ హాలుకు వచ్చేవాళ్ల నమ్మకం. దాన్ని పరీక్షించే పద్ధతి కూడా వాళ్లే ఏర్పరచుకున్నారు. వేలిగోరంత కాగితం ముక్కను మధ్యకు మడిచి, తంబూరా మొదటి తీగ మీద గుర్రమెక్కించినట్టు కూర్చోబెడతారు. తీగను ఎవరూ తాకరాదు. గురువు గద్దె ఎక్కదలచినవాడు మూరెడు దూరంలో కూర్చుని, జిక్ర్‌లో అందరూ కలిసి స్మరించే దైవనామాన్ని ఒకే స్వరం మీద నిలిపి పాడాలి. పదిమంది సాక్షుల ఎదుట కాగితం కింద పడితే గద్దె అతనిది. గురువు పోయిన నలభై రోజుల్లో ఎవరికీ పడకపోతే హాలు, కింది అంతస్తులో ఇస్త్రీ దుకాణం నడిపేవాడి పరమవుతుంది. భవనం అతనిదే. అతని తాత ఈ షరతు కాగితం మీద పెట్టించుకునే హాలును ఉచితంగా ఇచ్చాడు.

నలభయ్యో రోజు ఉదయం ఆధారం మేష్టారి ఇంటికి ఆయన అక్క వచ్చింది. మేష్టారు ముప్ఫై మూడేళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. ఎవరేం చెప్పినా “ఆధారం?” అని అడగడం వల్ల పిల్లలు పెట్టిన పేరు అది, ఇప్పుడు పాలవాడు కూడా ఆ పేరుతోనే పిలుస్తున్నాడు. పోయిన గురువు స్వయానా ఆయన బావ. ఆ ఇద్దరూ కలిసి కూర్చున్న ప్రతిసారీ దేవుడి ఉనికి గురించి గొంతులు పోయేలా వాదించుకుని, చివరికి ఒకే కెటిలులో టీ పంచుకుని లేచేవారు.

“ఒరేయ్, సాయంత్రం హాలుకు రావాలి నువ్వు.”

“అక్కడ నాకేం పనక్కా?”

“ఏం పనీ లేదు, కూర్చోవడమే. సాక్షులు తొమ్మిదిమందే తేలారు. పదోవాడు, ఆ కళ్లజోళ్లు అమ్మేాయన, కూతురి కాన్పుకని ఊరెళ్లాడు.”

“నమ్మనివాడు సాక్ష్యానికి పనికొస్తాడా?”

“రెండు కళ్లుండాలని రాసుంది. నమ్మకం సంగతి రాయలేదు.”

మేష్టారు ఆ నిబంధనను మనసులోనే మెచ్చుకున్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుని చెప్పుకొచ్చింది. ముప్ఫై ఏళ్లుగా గురువు పక్కన గొంతు కలిపిన టైలరు ఐదు గురువారాలు పాడాడు. కాగితం ఇసుమంతైనా కదల్లేదు. మిగతావాళ్లెవరూ ముందుకు రావడం లేదు. ఇవాళ కూడా పడకపోతే ఆరింటికి తాళం. హాలు వెనకున్న ఆమె రెండు గదులూ హాలుతోపాటే పోతాయి.

“మా ఇంటికి వచ్చెయ్.”

“నలభై ఏళ్లు కాపురం చేసిన గదులురా అవి. పైగా నీ ఇంట్లో నీ పుస్తకాలకే చోటు లేదు, నన్ను ఏ అరలో పెడతావు?”

ఆమె వెళ్లాక మేష్టారు అటక మీది పెట్టె దించి, పాత శ్రుతిదండాలు బయటికి తీశాడు. కొట్టి పట్టుకుంటే ఒకే స్వరం మోగించే రెండు కొమ్ముల ఉక్కు ముక్కలవి. బడివాళ్లు వీడ్కోలు కానుకగా శాలువా ఇవ్వబోతే వద్దని అడిగి తెచ్చుకున్నవి.

రెండు గంటలకే హాలు చేరాడు. మెట్ల పొడవునా కింది ఇస్త్రీ ఆవిరి వాసన వచ్చింది. పైన చాపలు పరిచి ఉన్నాయి. గోడ పక్కన చెక్కబల్ల మీద తంబూరా, తీగ మీద కాగితం ముక్క.

“ముట్టుకోకు,” అంది అక్క.

“తీగను ముట్టుకోను. బల్ల సంగతి మీ కాగితంలో ఉందా?”

“లేదు.”

శ్రుతిదండాలను ఒక్కొక్కటిగా మోకాలికి కొట్టి, కాడను బల్లకు ఆనించసాగాడు. మొదటి మూడింటికీ కాగితం ఉలకలేదు, పలకలేదు. నూట ఇరవై ఎనిమిది అని చెక్కిన దాన్ని ఆనించగానే కాగితం వణికి, ఎగిరి, చాప మీద పడింది. మళ్లీ పెట్టించాడు. మళ్లీ పడింది. ఆ స్వరం టైలరు వాయించే హార్మోనియం మీద చూసుకుంటే, అతను పాడే శ్రుతి ఇదని అక్క చూపించిన మెట్టుకు సరిగ్గా రెండు మెట్లు కింద ఉంది.

“బావ ఈ తీగను ఎప్పుడు దించాడు?”

అక్క వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకుంది. “ఊపిరి ఆడటం తగ్గాక. ఆఖరి మూడేళ్లూ తంబూరా నా గదిలోనే ఉంది కదా. పైకి అందడం లేదని ఓసారి కాస్త దించారు, మరో ఏడాది ఇంకాస్త. మధ్యాహ్నాలు మేమిద్దరమే పాడుకునేవాళ్లం. హాల్లో టైలరు హార్మోనియంతో నడిపించేవాడు.”

మేష్టారికి లెక్క తేలిపోయింది. సమాన స్వరానికే తీగ కంపిస్తుంది. టైలరు ఐదు వారాలుగా గురువు ఎప్పుడో వదిలేసిన స్వరాన్ని పొల్లు పోకుండా పాడుతున్నాడు.

నాలుగింటికి టైలరు వచ్చాడు. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయాడు. మేష్టారు అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి, విషయం దాచకుండా చెప్పాడు.

“రెండు మెట్లు దించి పాడవయ్యా. పని అయిపోతుంది.”

“ఈ శ్రుతి ఆయన నా మిషను పక్కన కూర్చుని ఇచ్చింది మేష్టారూ. జ్వరమొచ్చిన రోజు కూడా దించలేదు నేను.”

“ఆయనే దించుకున్నాడు.”

“ఆయన దించుకోవచ్చు.” టైలరు గొంతు తగ్గించాడు. “కొలత ముందే చేతిలో పెట్టుకుని పాడితే పలికేది నా లోపల ఉన్నదానికా, మీ ఇనుప ముక్కకా? అది అచ్చంగా కాపీ కొట్టడమే కదా. మీరు బళ్లో ఊరుకునేవారా?”

“ఊరుకునేవాణ్ని కాదు.”

“మరి?”

అభ్యంతరం సక్రమంగానే ఉంది. జవాబు ముందే తెలిసినవాణ్ని పరీక్షించడం పరీక్ష కాదు. మేష్టారు వచ్చి తొమ్మిదిమంది సాక్షుల వరసలో పదోవాడిగా కూర్చున్నాడు.

ఐదింటికి జిక్ర్ మొదలైంది. అరగంట సేపు నామం మెల్లగా, తర్వాత వేగంగా తిరిగి, మళ్లీ మెల్లగా వచ్చి ఆగింది. టైలరు తంబూరా ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మంచి గొంతు. స్వరం దారం కట్టి లాగినట్టు తిన్నగా నిలిచింది. ముప్ఫై ఏళ్ల నాటి శ్రుతి, పిసరు కూడా అటూ ఇటూ కాలేదు. మూడుసార్లు పాడాడు. కాగితం తీగ మీదే ఉంది.

గుమ్మంలో ఇస్త్రీ యజమాని నిలబడ్డాడు, చేతిలో తాళం. గోడ గడియారం ఆరుకు పావు తక్కువ చూపిస్తోంది. అక్క పమిట చెంగును వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

మేష్టారు లేచాడు. “ఒక్క నిమిషం. ఇది ఎందుకు పడటం లేదో చెబుతాను. దీనికీ మనిషి లోపలి ‘నేను’కూ సంబంధం లేదు. నాలో ‘నేను’ బస్తాలకొద్దీ ఉంది. కావాలంటే మా అక్కనడగండి.”

“అది మాత్రం నిజం,” అంది అక్క.

కొందరు నవ్వారు. మేష్టారు శ్రుతిదండాన్ని కొట్టి చెవి దగ్గర పెట్టుకుని, దాన్ని జేబులో వేసి, మూరెడు దూరంలో కూర్చున్నాడు. హాజరు పట్టీ చదవడానికి తప్ప ఎత్తని గొంతుతో అదే స్వరాన్ని అందుకున్నాడు. నియమం తప్పకూడదని నామాన్నే పలికాడు. మూడో క్షణంలో కాగితం పడింది.

“చూశారా?”

అందరూ చూశారు. సాక్షుల వరసలోంచి గడియారాలు బాగుచేసే తాత చేయి ఎత్తాడు.

“పడింది.”

“పడుతుంది తాతా, అదే చెబుతున్నా. ఇందులో నా గొప్పేమీ లేదు. పలికించింది నేను కాదు.”

“విన్నారా?” తాత వెనక్కి తిరిగాడు. “నా గొప్ప కాదంటున్నాడు. నేను కాదంటున్నాడు.”

టైలరు కళ్లు తుడుచుకున్నాడు. “గొంతు దారి మాత్రమే, నడిచేది నువ్వు కాదని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో. నా దారే సరైనదని పట్టుకుని కూర్చున్నాను.”

“అయ్యా, మీరు నేను చెప్పినదాన్ని తలకిందులు చేస్తున్నారు. అక్కా, నువ్వు రా. పాడు.”

ఆమె వచ్చి, మూడేళ్లు మధ్యాహ్నాలు పాడిన స్వరాన్నే పాడింది. కాగితం పడింది.

“మొదట ఎవరికి పడితే వాళ్లదే,” అన్నాడు ఇస్త్రీ యజమాని గుమ్మంలోంచి. ఆ షరతుల కాగితం అతనికి కంఠతా వచ్చు. “మేష్టారు ఒప్పుకోనంటే గద్దె ఖాళీ అని అర్థం.”

మేష్టారికి ఒక సందు కనిపించింది. “నేను సాక్షిగా వచ్చాను. నన్ను తీసేస్తే మిగిలేది తొమ్మిదిమందే. నా పరీక్ష చెల్లదు. చెల్లేది అక్కదే.”

ఇస్త్రీ యజమాని తాళాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“నాకూ రెండు కళ్లున్నాయిగా మేష్టారూ. పడటం నేనూ చూశాను. పదోవాణ్ని నేను.”

గడియారం ఆరుకు మూడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అక్క చెంగును ఇంకా వేలి నుంచి విప్పలేదు. మేష్టారు ఆమె వేలి కేసి చూసి, చెప్పుల కోసం గుమ్మం వైపు తిరిగినవాడల్లా ఆగి, వెళ్లి గద్దె మీద కూర్చున్నాడు.

“నా అభిప్రాయం ఏమీ మారలేదు,” అన్నాడు.

“మారాలని రాసి లేదు,” అంది అక్క.

ఆ రాత్రి మేష్టారు తన నోటుపుస్తకంలో ఇలా రాసుకున్నాడు: పాడినవారు ముగ్గురు. తీగతో శ్రుతి కలిసినవారు ఇద్దరు. కాగితం పడింది ఆ ఇద్దరికే. పరీక్షకు పెట్టిన నమ్మకం రుజువు కాలేదు.

ఇప్పుడు ఆయన ప్రతి గురువారం ఐదింటికి గద్దె మీద కూర్చుంటాడు. టైలరు హార్మోనియం మీద రెండు మెట్లు దించి పాడుతున్నాడు. అక్క ఆ రెండు గదుల్లోనే ఉంటోంది. తాళం ఇస్త్రీ దుకాణంలో మేకుకు వేలాడుతోంది.