మంగోలియా క్లాసు

ఆదివారం పొద్దున శోభన ఇంట్లో మిక్సీ వేయకూడదు, టీవీ పెట్టకూడదు. మూకండపల్లిలోని ఆ రెండు గదుల ఇంటి నుంచి ఆమె మంగోలియాలో ఉండే ఐదుగురు ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతుంది. జీతం లేదు. బండ్లకు వైరింగు తయారుచేసే కంపెనీలో హెల్పరుగా చేరిన కొత్తలో, షిఫ్టు అయ్యాక ఒక ఇంజనీరమ్మ కూర్చోబెట్టి ఆమెకు ఊరికే ఇంగ్లీషు నేర్పింది. ఇప్పుడు శోభన లైన్ లీడరు. తనకు వచ్చింది ఇంకొకరికి చెప్పాలనిపించి, పరాయి దేశాల్లోని పెద్దవాళ్ళకు ఆన్‌లైన్లో ఉచితంగా పాఠాలు చెప్పించే ఒక సంస్థకు పేరిచ్చింది.

ఆ ఐదుగురివీ గొర్రెలు మేపుకొనే కుటుంబాలు. ఎండాకాలంలో వచ్చే యాత్రికులను తమ గుడారాల్లో ఉంచుకుని నాలుగు రాళ్ళు సంపాదించాలని వాళ్ళ ఆశ. దానికి ఇంగ్లీషు కావాలి. వాళ్ళలో పెద్దామె దుల్మా. ముఖం నిండా నవ్వే గానీ నోట్లోంచి మాట రాదు. పేరడిగితే అందరూ చెబుతారు. "నిన్న ఏం చేశారు?" అని ఇంగ్లీషులో అడిగితే మాత్రం తలలు వంచుకుంటారు. శోభన రాత్రిళ్ళు కూర్చుని పాఠాలు తయారుచేసుకుంది, బొమ్మలు చూపించి అందులో ఏం జరుగుతోందని అడిగింది, తానే ప్రశ్న వేసి తానే జవాబు చెప్పింది. ఏం చేసినా అంతే.

"ఇన్నాళ్ళయినా మీ విద్యార్థులు మాట్లాడటం లేదు. ఈ ఆదివారం నేనూ క్లాసులో కూర్చుంటాను. అవసరమైతే వేరే టీచరును చూద్దాం" అని సంస్థలో పనిచేసే హెలెన్ లండన్ నుంచి రాసింది. మర్యాదగానే రాసింది. అయినా శోభన దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. తనది కంపెనీలో నేర్చుకున్న ఇంగ్లీషు, అందుకే వాళ్ళకు అంటడం లేదనుకుంది.

ఆ వారమే ఆమె అత్త గంగక్క కృష్ణగిరిలో కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది. రాయకోట పక్కన పల్లెలో గొర్రెల మందను చిన్నకొడుక్కి అప్పజెప్పి వచ్చిన మనిషి. దుమ్ములోకి పోకూడదని డాక్టరు చెప్పడంతో, నల్లద్దాలు పెట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ ఉంది.

ఆదివారం క్లాసు మొదలైంది. హెలెన్ కెమెరా ఆపేసి వింటోంది. శోభన ఒక బొమ్మ చూపించి ఇందులో ఏం జరుగుతోందని అడిగింది. అడిగిన ప్రశ్న అడిగినట్టే ఉండిపోయింది. దుల్మా వెనుక గుడారం తలుపు తెరిచి ఉంది. బయట మంచులో గొర్రెలు కనిపిస్తున్నాయి. గంగక్క తిరగడం ఆపి, కోడలి భుజం మీదుగా వంగింది.

"ఏమ్మా, అవి గొర్లేనా?"

"క్లాసు జరుగుతా ఉంది అత్తా. రవ్వంతసేపు పక్కకుండు."

"ఆ తోక చూడు, దిండు మాదిరి ఉండాది. ఆడంతా తెల్లగా ఉండేదేమి, ఉప్పా?"

"మంచు అత్తా."

"అంత మంచులో మేత యాడ దొరుకుతుంది? ఆ యమ్మని అడుగు."

శోభన హెలెన్ పేరున్న నల్లటి గడి వైపు చూసింది. ఎటూ చేజారిపోయే క్లాసే కదా అనుకుని అడిగేసింది.

"దుల్మా, మై మదర్-ఇన్-లా హ్యాజ్ షీప్. షి ఆస్క్స్, వేర్ ఈజ్ ది గ్రాస్?"

దుల్మా తలెత్తింది. టీచరును వదిలేసి నేరుగా గంగక్కను చూసింది. చేత్తో తవ్వినట్టు చూపించింది. "షీప్ డిగ్. స్నో గో. గ్రాస్ కమ్."

"కాలితో తవ్వుకుంటాయంట అత్తా. కింద గడ్డి ఉంటుందంట."

"తెలివైన గొర్లే. మావైతే నిలబడి అరుస్తాయి."

శోభన దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి ఐదుగురూ పగలబడి నవ్వారు. ఎప్పుడూ మూల కూర్చునే ఒకామె ముందుకు జరిగి, "యు హ్యావ్ వుల్ఫ్?" అంది.

"తోడేళ్ళు లేవు, ఏనుగులొస్తాయి. పోయినేడు మా రాగి చేను తొక్కేసి పోయినాయి" అంది గంగక్క, కోడలు అర్థం చెప్పగానే.

ఏనుగు అనగానే ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. ఎంత పెద్దది, మీరు పరిగెత్తారా, కుక్క ఏం చేసింది. తప్పో ఒప్పో, అందరి నోటా ఇంగ్లీషే. అవతల దుల్మా గుర్రం పాలు పిండుతుందని తెలిసి గంగక్క నోరు తెరిచింది.

"గుర్రం పాలా? తన్నదా?"

"కిక్. ఎవ్రీ డే కిక్," అంది దుల్మా గర్వంగా. "బట్ ఐ యామ్ ఫాస్ట్."

క్లాసు గంట దాటిపోయిందని ఎవరూ గమనించలేదు. అప్పుడు నల్లటి గడిలో హెలెన్ ముఖం వెలిగింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటోంది. "మీ అత్తగారు వచ్చే వారం కూడా ఉంటారా?" అని అడిగింది. వేరే టీచరు ఊసే ఎత్తలేదు.

శోభన పాత పాఠాలన్నీ పక్కన పెట్టేసింది. తనకు జవాబు తెలిసిన ప్రశ్నలు అడగడం మానేసింది. గంగక్క రాయకోటకు వెళ్ళిపోయాక కూడా మంద దగ్గర నుంచే ఫోన్లో క్లాసుకు వచ్చేది. నడుమ నడుమ "ఎస్, ఎస్" అనడం ఆమెకూ వచ్చేసింది.

ఎండాకాలం వచ్చాక ఒక ఆదివారం దుల్మా గుడారంలో ఇద్దరు జర్మన్ యాత్రికులు కూర్చుని ఉన్నారు. అతిథుల ముందే క్లాసు జరగాలని దుల్మా పట్టుబట్టింది. గుర్రం ఎక్కడానికి భయపడుతున్న వాళ్ళకు ఆమె నింపాదిగా, ఒక్కసారైనా టీచరు వైపు చూడకుండా చెప్పింది. "హార్స్ ఈజ్ ఓల్డ్. హి లైక్స్ స్లో. యు ఫాల్, ఐ క్యాచ్."

అతిథులు నవ్వుతూ లేచారు. శోభన తన మైకు ఆపేసి, చేతులు మండేదాకా చప్పట్లు కొట్టింది.