మొగలమ్మ తల్లి వెండి కళ్ళు

టెక్కలి కళాశాలలో చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన త్రిపురసుందరికి రెండు పేర్లున్నాయి. ఎదుట ఉన్నప్పుడు మేష్టారమ్మ అంటారు, లేనప్పుడు సీఐడీ అంటారు. రెండో పేరు నందిగాం శాసనం వ్యవహారంతో వచ్చింది. వెయ్యేళ్ళ నాటిదని పూజలందుకుంటున్న రాతిపలక పాత మైలురాయి అని ఆమె తేల్చింది. పూజలు ఆగలేదు. పైగా ఇన్ని మైళ్ళు చూపించిన రాయని భక్తి కొంచెం పెరిగింది. ఆ తరువాత సుమ్మాదేవి స్టేషన్ దగ్గరి దెయ్యం ఫలానా వారి గేదె అని నిరూపించడంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

నిజానికి ఆమెకు ఎవరి వ్యవహారంలోనూ ఆసక్తి లేదు. పుస్తకాలున్న గది, కిటికీ, రెండుపూటలా కాఫీ ఉంటే మనుషులు లేకపోయినా ఫరవాలేదనే తత్వం. ఆధారం లేని వాక్యాన్ని ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే మాత్రం ఆమెకు నిద్ర పట్టదు.

చైత్రం చివర ఒక ఉదయం గోవిందరావు అటువంటి వాక్యాన్నొకటి తెచ్చాడు. అతనిది మొగలిపుట్టుగ. అక్కుపల్లికి ఇవతల, కొబ్బరితోటలకూ జీడితోటలకూ నడుమ ఇసుకలో కూర్చున్న ఊరు. అక్కడి మొగలమ్మ తల్లి గుడి కమిటీకి అతను అధ్యక్షుడు. అంతకుముందు అతని తండ్రి అధ్యక్షుడు. తరువాత ఎవరన్న విషయంలో అతనికి సందేహం లేదు. రాబోయే పండగకి గుడి గోడలో నల్లరాతి పలక పెట్టి స్థలపురాణం చెక్కిస్తున్నామనీ, భాష ఒకసారి దిద్దిపెట్టాలనీ కోరి, బల్లమీద ఒక కాగితమూ ఒక పనసపండూ ఉంచాడు.

అమ్మవారు ఇసుకలో వెలియడం, ఏటేటా కొంచెం కొంచెంగా పెరుగుతూ ఉండడం వరకు త్రిపురసుందరి కలం కదలలేదు. దేవతలు పెరగడం ఆ తీరంలో మామూలే. చివరి పేరా దగ్గర ఆగింది. పెంటయ్య అనే గ్రామస్థుడు పండగ ముందు అమ్మవారి వెండి కళ్ళు అపహరించి నోట్లో దాచుకున్నాడట. తల్లి ఆగ్రహించి అతని వేళ్ళనూ పెదవులనూ కాల్చి నల్లగా చేసిందట. కళ్ళు మళ్ళీ దొరకలేదట. ఆనాటి నుంచి ఆ వంశానికి తొలి ఘటం ఎత్తే హక్కు పోయిందట.

ఘటం అంటే పసుపు పూసి, వేపమండలు కట్టి, నీళ్ళు నింపిన కొత్త కుండ. పండగనాడు దాన్ని తలకెత్తుకున్న మనిషి ఊరంతా తిరుగుతుంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆ ఇంటివాళ్ళు వంగి, ఆమె కాళ్ళు పసుపునీళ్ళతో కడగాలి. ఆ ఒక్క పూట ఆమె మనిషి కాదు, అమ్మవారు.

పెంటయ్య తాలూకు వాళ్ళెవరైనా ఉన్నారా అని త్రిపురసుందరి అడిగింది. కూతురు బొడ్డమ్మ ఉందని గోవిందరావు చెప్పాడు. ఈ పలక చూస్తే ఆమె బాధపడదా అని అడిగితే, ఆమెకు చదువు రాదని, అదేదో తాము చూపిన దయ అన్నట్టు చెప్పాడు.

స్థలం చూడనిదే స్థలపురాణం దిద్దలేనని ఆమె ప్రకటించింది. మర్నాడు పలాసలో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఇసుకదారిలో ఆటో ఆగిపోయిన చోటు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి మొగలిపుట్టుగ చేరింది.

బొడ్డమ్మ ఇంటి అరుగు మీద జీడిగింజలు కొడుతోంది. డెబ్బై దాటిన మనిషి. ముందొక గుండ్రాయి, పక్కన చిప్పలో బూడిద. వేళ్ళు బూడిదలో అద్దుకోవడం, గింజ నిలబెట్టడం, ఒక్క దెబ్బ, పప్పు ఒకవైపు, తొక్క ఒకవైపు. వచ్చిన పని చెప్పినా చెయ్యి ఆపలేదు.

"పలక సంగతి నాకూ తెలిసింది అమ్మా. ఇన్నాళ్ళూ నోళ్ళలో ఉండీది. నోళ్ళు ఎప్పుడికో అప్పుడికి మూతపడతాయి కదా అని ఊరుకున్నాను. రాయి మూతపడదు. నాను పోయినా మా అయ్య ఆ గోడమీద దొంగే."

తండ్రి సంగతి ఆమెకు కొంత జ్ఞాపకం, కొంత తల్లి చెప్పగా విన్నది. ఆ రోజుల్లో ఇసుక కదలకుండా ఉండాలని సర్కారు వాళ్ళు తీరం పొడవునా జీడి మొక్కలు నాటించారు. పెంటయ్య వాటికి కాపలా. ఊరికి జీడి అప్పటికి కొత్త. ఆ చెట్లకు మొదటి కాపు వచ్చిన ఏడాదే, పండగ ముందు అమ్మవారికి సింధూరం పూసిన మర్నాడే కళ్ళు పోయాయి. ఊరంతా వెతుకుతుంటే పెంటయ్య తోటలోంచి వచ్చాడు. పెదవులు పొక్కి ఉన్నాయి. వేళ్ళ చివర చర్మం ఊడి నల్లబడింది. ఏమైందని అడిగితే నోరు పెగల్లేదు. ఇక సాక్ష్యం ఎందుకన్నారు.

త్రిపురసుందరి వింటూ బొడ్డమ్మ చేతులకేసి చూసింది. బూడిద రాలిన చోట వేళ్ళ చివరలు నల్లగా ఉన్నాయి. వీధికేసి చూసింది. ఎదురింటి అరుగు మీదా గింజలు కొడుతున్నారు, ఆ పక్కింటి అరుగు మీదా కొడుతున్నారు. అమ్మవారి శాపం ఊరి ప్రతి ఇంట్లోనూ ఉంది.

"మీ వేళ్ళకేమైంది?"

"జీడిసొన," అంది బొడ్డమ్మ, జుట్టు నెరిసిందని చెప్పినట్టు.

"పచ్చిగింజ ఎవరైనా పళ్ళతో కొరికితే?"

"పెదాలు పొక్కిపోవా. సిన్న పిల్లలు కూడా కొరకరమ్మా, తెలీనోళ్ళు తప్ప..."

గుండ్రాయి గాలిలో ఆగింది. ఆమె దాన్ని కింద పెట్టి, తన రెండు చేతులూ తిప్పి చాలాసేపు చూసుకుంది.

ఇది ఎవరికీ తోచకపోవడం వింత కాదు. శాపం నిశ్చయమైననాటికి ఊరికి జీడి తెలియదు. జీడి తెలిసేనాటికి శాపం పాతబడిపోయింది. పాతబడిన సంగతిని తిరిగి పరీక్షించే అలవాటు ఊళ్ళకు లేదు. విశ్వవిద్యాలయాలకూ తక్కువేనని త్రిపురసుందరి అనుభవం.

గోవిందరావు తన ఇంటి అరుగు మీద ఈ వాదమంతా విన్నాడు. పక్కనే అతని భార్య చేతులకు ఆముదం రాసుకుని గింజలు ఒలుస్తోంది. ఆవిడ భర్తవైపు ఒకసారి, తన వేళ్ళవైపు ఒకసారి చూసి పనిలో పడింది. అతను మాత్రం తొణకలేదు.

"జీడే కాల్చిందనుకుందాం మేడమ్. మరి కళ్ళేవి?"

ఈ ప్రశ్న న్యాయమైనదని ఆమె ఒప్పుకుని గుడికి వెళ్ళింది.

పూజారి పోలారావు అమ్మవారి పెరుగుదల గురించి చెప్పడానికి ఎవరైనా దొరకాలని చూస్తున్న మనిషి. తన తాత నాటికి తల్లి మోకాలెత్తు. ఇప్పుడు గుండెలెత్తు. నడుమ ఒకసారి ద్వారబంధం విప్పి ఎత్తు పెంచాల్సి వచ్చింది. గర్భగుడిలో తల్లి ఎర్రగా, గుండ్రంగా, నున్నగా ఉంది. ముఖాన లతలు తీర్చిన వెండి కళ్ళు. పెంటయ్య దొంగతనం తరువాత గోవిందరావు తండ్రి చేయించి ఇచ్చినవని ఊరందరికీ తెలిసినదే. ఏటా పండగ ముందు కొబ్బరినూనెలో సింధూరం కలిపి ఒంటినిండా పూస్తారనీ, పాతపూత మీద గోరు కూడా తగలనివ్వరనీ పోలారావు చెప్పాడు. పూతకు ముందు మాత్రం కళ్ళు తీసి పళ్ళెంలో పెట్టి, ఆరాక లక్కతో తిరిగి అతికిస్తారు.

ఆ తీసి పెట్టడం మొదటినుంచీ ఉన్నదేనా అని త్రిపురసుందరి అడిగింది.

"నేదమ్మా. మా అయ్య కాలంలో వొచ్చినాది. గోవిందరావు బావు గారి అయ్యే సెప్పినారట, పూతకి ముందు కళ్ళు తీసీమని. ఎందుకో మా అయ్య అడగనేదు."

"అంతకుముందు?"

"మా తాత కళ్ళ సుట్టూతా జాగర్తగా పూసేసీవోడట. తాతకి సూపు ఆనదు గానీ, సెయ్యి మంచిది."

ఈ మాట పూర్తిచేసి పోలారావు అమ్మవారికేసి తిరిగాడు. పూత ఎంత మందం ఉందో కళ్ళతోనే కొలిచాడు.

గోకడం మహాపాపం. ఆ విషయంలో ఊరికి ఏకాభిప్రాయం ఉంది. అందుకని త్రిపురసుందరి గోకమని అడగలేదు. ఎండలు ముదిరాయి కాబట్టి తల్లికి వెచ్చటి కొబ్బరినూనెతో అభిషేకం చేయిస్తే బాగుంటుందని, పదిమంది కూడిన చోట, గోవిందరావు వినేటట్టు అంది. తల్లికి నూనె వద్దని పండగ ముందు ఏ అధ్యక్షుడూ అనలేడు. నూనె తన ఇంటినుంచే వస్తుందని అతను హుందాగా ప్రకటించాడు. అతనికి తన తండ్రి మీద నమ్మకం ఉంది.

పొద్దున్నే కళ్ళు తీసి పళ్ళెంలో పెట్టి అభిషేకం మొదలుపెట్టారు. బిందెలు కాగుతున్నాయి, పోలారావు పోస్తున్నాడు. మధ్యాహ్నానికి తల్లి భుజం మీద పూత మెత్తబడి జారింది. తరువాత పెద్ద పెచ్చు ఒకటి బొత్తిగా నిశ్శబ్దంగా ఊడి, నూనెలో కూర్చుంది. జనం దండాలు పెట్టారు. పెచ్చు వెనక పెచ్చు జారుతుంటే గుండెలెత్తు తల్లి నడుమెత్తుకు దిగింది.

"తల్లి సిక్కిపోనాది," అంది ఒక ముసలామె దిగులుగా.

ఒక పెచ్చు లోపలివైపు రెండు నల్లటి బిళ్ళలు కనిపించాయి. పోలారావు వాటిని నూనెగుడ్డతో తుడిచాడు. వెండి కళ్ళు. లతలు తీర్చినవి. పళ్ళెంలో ఉన్న జతకు అచ్చుగుద్దినట్టున్నాయి.

ఎవరికీ అర్థం కాలేదు. గోవిందరావు తండ్రి ఇచ్చిన జత పళ్ళెంలో ఉంది. గోవిందరావు తండ్రి ఇచ్చిన జత పెచ్చులోనూ ఉంది. జనం ఈ రెండింటినీ మార్చి మార్చి చూస్తుండగా, రాతికి అంటుకుని మిగిలిన చివరి పూత కూడా జారింది. మోకాలెత్తు రాయి బయటపడింది. దాని ముఖాన, ఏ లతలూ లేని సాదా కళ్ళు రెండు, నల్లబడి, పెట్టినచోటే ఉన్నాయి.

బొడ్డమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

గోవిందరావు నెమ్మదిగా లెక్క కట్టుకుంటున్నాడు. అతనికి అందవలసింది త్రిపురసుందరికి ముందే అంది ఉన్నా, చెప్పడం అతనికే వదిలింది. కొన్ని వాక్యాలు ఇంటివాళ్ళే పూర్తిచేయాలి.

"మా నాయిన రెండుసార్లు సేయించారు," అన్నాడు చివరికి. "ఒకసారే సెప్పినారు."

తాను ఇచ్చిన జత కూడా పూత మర్నాడు మాయమైనప్పుడు, కళ్ళు పూత కిందే పోతున్నాయని గోవిందరావు తండ్రికి బోధపడింది. అదే కంసాలి చేత అదే అచ్చున మరో జత చేయించి, పూతకు ముందు కళ్ళు తీయమని పూజారికి చెప్పి, ఇక ఆ విషయం ఎత్తకుండా వెళ్ళిపోయాడు. పెంటయ్య అప్పటికి బతికే ఉన్నాడు.

"బావూ," అంది బొడ్డమ్మ గడప అవతలి నుంచి. "రెండోపాలి పోయినప్పుడు ఎవుల పెదాలు సూసినారు?"

గోవిందరావు కండువా తీసి చేతులు తుడుచుకుని, ఈ ఏడు తొలి ఘటం పెంటయ్య గారి ఇంటిది అన్నాడు. 'గారు' అన్న మాట అతని నోట కొంచెం కొత్తగా పలికింది.

పలక మీద ఏం చెక్కించాలన్నది మిగిలింది. శాపం పేరా కొట్టేసి, ఈ గ్రామంలో జీడిగింజ రుచి చూసిన మొట్టమొదటి మనిషి పెంటయ్య అని రాయిస్తే బాగుంటుందని గోవిందరావే ప్రతిపాదించాడు. పరిహారంగా అది చాలా బాగుందని త్రిపురసుందరి మెచ్చుకుంది. అయితే 'మొట్టమొదటి' అనడానికి ఆధారం చాలదని, 'మొదటివారిలో ఒకరు' అని దిద్దింది.

పండగనాడు బొడ్డమ్మ మనవరాలు సుస్మిత పసుపు బట్ట కట్టుకుని సిద్ధంగా ఉంది. ముసలమ్మ మోయలేదు కాబట్టి ఆ పిల్లే ఎత్తుతుందని అంతా అనుకున్నారు. బొడ్డమ్మ ఎవరినీ అడగకుండా ఘటాన్ని తన తలకెత్తుకుంది. ఊరేగింపు ఆమె నడకతో నడిచింది. డప్పులవాళ్ళు రెండుసార్లు ఆగి టీ తాగివచ్చి మళ్ళీ కలుసుకున్నారు. టెక్కలి వెళ్ళే బస్సు పోయిందని తెలిసినా త్రిపురసుందరి కదల్లేదు.

గోవిందరావు గుమ్మం ముందు ఘటం ఆగింది. అతని భార్య పసుపునీళ్ళ చెంబుతో ముందుకు వచ్చింది. బొడ్డమ్మ కాలు చాపలేదు, ఆమెవైపు చూడనూ లేదు. కొంతసేపు గడిచాక ఆ ఇల్లాలు వెనక్కి తిరిగి చెంబు భర్త చేతిలో పెట్టింది.

అతనికి మోకాళ్ళ నొప్పులు. ఒక చెయ్యి నేలకు ఆనించి, మెల్లగా వంగి, ఇసుక అంటిన ఆ పాదం మీద నీళ్ళు పోశాడు.

"ఏళ్ళ సందుల్లో కూడా ఎయ్యి బావూ," అంది అమ్మవారు.

అతను వేశాడు. ఘటం నిలకడగా ఉంది. ఆమె ఏ తొందరా లేకుండా రెండో కాలు చాపింది.