ఒకరోజు ముందు మోగే గిటారు

పొద్దున్నే కొట్టు తలుపు తీయగానే అక్క చేసే మొదటి పని చీపురు పట్టడం. ముందురోజు కంటికి ఆనని రంపపు పొట్టంతా ఎండ పడేసరికి బల్ల కింద, కిటికీ అంచున, జిగురు గిన్నె మూత మీద బయటపడేది. ఊడ్చి, కళ్ళజోడు తుడుచుకుని కూర్చునేసరికి తొమ్మిది. సరిగ్గా అప్పుడే గోడకున్న గిటారు, ఎవరూ ముట్టుకోకుండానే, మర్నాటి పాటలు మొదలుపెట్టేది.

అది అక్క చేతి గిటారు. పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళ గిటార్లకు విరిగిన మెడలు అతికించి, ఊడిన మెట్లు బిగించి, చివరికి తనదంటూ చేసుకున్న మొదటి కచేరీ గిటారు. పైపలక దేవదారు. వెలుగుకు అడ్డం పెడితే అవతలి చేతి నీడ కనపడేంత పల్చన. దాని లోపలి బద్దల్ని కొంచెం గీకడం, వేలితో తట్టడం, వినడం, మళ్ళీ గీకడం. ఇలా పదకొండు నెలలు. తీగలు బిగించాక లావు తీగ మీటితే, ఆ మోత పెట్టెలోంచి కాక నేలలోంచి వచ్చినట్టుండేది. సన్న తీగలు గీరుకోకుండా, గుండ్రంగా, నిండుగా పలికేవి. ఒకసారి మీటిన స్వరం తొందరపడి పోయేది కాదు, సెలవు తీసుకుని వెళ్ళే చుట్టంలా గుమ్మం దగ్గర కాసేపు నిలబడేది. చేత పట్టుకుంటే మాత్రం బరువే తెలియదు. పిట్ట కొంచెం, కూత ఘనం.

ఇక రేపు వాయించబోయేది ఇవాళే పలకడమంటారా, కొన్ని గిటార్లకు మెడ వంగే గుణం ఉంటుంది, దీనికి ఈ గుణం ఉంది. పక్క కొట్లో కళ్ళజోళ్ళు చేసే ఆయన వారం తిరక్కుండానే అలవాటు పడిపోయాడు. "ఏమ్మా, ఇవాళ ఏమీ మోగలేదు. రేపు మీ చెల్లెలు రాదన్నమాట. ఆవిడ అద్దాలు ఎల్లుండికి చేసిపెడతాలే," అనేవాడు. ముందే తెలిస్తే లోపాలు దిద్దుకోవడం తేలికే కదా అన్నవాళ్ళకు అక్క నవ్వుతూ చెప్పేది: "ఏం తేలికండీ! నాకు వినపడేది నేను దిద్దాక మోగేదే. ఇంకేం దిద్దాలో ఎలా తెలుస్తుంది?"

వాయించేది చెల్లెలు, పట్నంలో జరగబోయే కచేరీలో. కచేరీ దాకా గిటారు కొట్లోనే ఉండాలని అక్క పట్టుబట్టింది. చెల్లెలు రోజూ వచ్చి అరగంట చిన్నచిన్న పాఠాలు వాయించి వెళ్ళేది. "పెద్దవి వాయించవేమే?" అంటే, "అవి ఇంట్లో పాతదాని మీద సాధన చేస్తున్నాలే. దీని మీద హాల్లోనే విందువుగాని," అనేది. అక్క మురిసిపోయేది. పెద్ద హాలు అది. అక్కడ మెప్పు పొందితే ఏడాది పొడుగునా ఊరూరా కచేరీలు.

కచేరీకి ముందురోజు చెల్లెలు కొట్టుకు రానంది. అక్క వింటేనా? చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది.

తొమ్మిదయింది. మొదటి పాట హాయిగా సాగిపోయింది. రెండోది పెద్ద పాట. వేగం అందుకుంటుండగా ఒక స్వరం పలకలేదు. తీగ మొద్దుగా టప్పుమంది. పాట మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ అక్కడే తెగింది. మూడోసారీ అక్కడే. ఆ తర్వాత ఏమీ లేదు.

 అక్క గిటారును గోడమీంచి దించి ఒళ్ళో పెట్టుకుంది. "బద్ద ఊడిందేమో. చిన్న అద్దం ఇలా అందుకో. లోపల ఎక్కడో..."

"గిటారు కాదక్కా."

చెల్లెలు ఎడమచెయ్యి చాపి గాలిలో తీగ నొక్కబోయింది. మిగతా వేళ్ళు లేచాయి. ఉంగరపు వేలు మాత్రం దానంతటది అరచేతిలోకి ముడుచుకుపోయింది.

"ఎన్నాళ్ళనించి?"

"నాలుగు నెలలు."

"నాతో ఒక్క మాట అనలేదేమే?"

"నువ్వెప్పుడు అడిగావు? లావు తీగ ఎలా ఉంది, సన్న తీగ ఎలా ఉంది అని రోజూ అడిగావు. చెయ్యెలా ఉందని ఒక్కసారి అడిగావా?" చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "రేపు ఎలాగోలా గట్టెక్కించి, ఆ తర్వాత గిటారు మానేద్దామనుకున్నా."

 అక్క ఫోను అందుకుంది. "ఒంట్లో బాగాలేదని హాలువాళ్ళకు చెప్పేస్తా."

అప్పుడు ఆమె ఒళ్ళో గిటారు మళ్ళీ మోగింది.

లావు తీగ మీద ఒక స్వరం. అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి ఇంకొకటి. నెమ్మదిగా, తడుముకుంటున్నట్టు ఒక పాట. చెల్లెలు స్టూలు దిగి వచ్చి పెట్టెకు చెవి ఆనించింది.

"ఇది నాకు రాదక్కా. ఎవరిదిది?"

"ఏమో. రేపు వాయించేది నువ్వేగా మరి."

చెల్లెలి మూడు వేళ్ళు గాలిలో స్వరాలను వెతుక్కుంటున్నాయి. నాలుగోదాని అవసరం ఎక్కడా రాలేదు. పెన్సిలు లాక్కుని ఉప్పుకాగితం వెనకవైపు గబగబా రాసుకుంది.

"వెళ్తావా?" అక్క ఫోను పక్కన పెట్టింది.

"ఆగిపోతానేమోనని నాలుగు నెలలుగా చచ్చిపోతున్నా. ఇవాళ ఆ ఆగిపోవడం విన్నాను కదా. దాని తర్వాత కూడా ఏదో ఉంది."

మర్నాడు హాలు నిండింది. మొదటి పాటకు చప్పట్లు మోగాయి. రెండోది తెగింది. మళ్ళీ తెగింది. మూడోసారి తెగేసరికి జనం దగ్గడం, కాగితాలు సర్దడం మొదలైంది. వేదిక మీదికి పరుగెత్తి చెల్లెల్ని తీసుకుపోదామనిపించింది అక్కకు. కానీ చెల్లెలు లేవలేదు. గిటారు మీద చెయ్యేసి, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చుంది. దగ్గులు కూడా ఆగిపోయాయి. అప్పుడు లావు తీగ మీటింది. వేలు చేరలేని చోట తొందర పడలేదు. ముందరి స్వరమే అక్కడ నిలబడి, తర్వాతిది వచ్చేదాకా చోటు కాచింది.

పాట అయ్యాక ఆమె లేచి, ఎడమచెయ్యి పైకెత్తి చూపించింది. "ఈ వేలు ఇక నా మాట వినదు. అందుకే మీకు ఈ పాట," అంది. చప్పట్లు ముందు ఒక మూలనుంచి వచ్చాయి, తర్వాత అన్ని వైపులనుంచీ.

ఊరూరా కచేరీలు మాత్రం దక్కలేదు. ఈ ఏడాదికి వేరేవాళ్ళను చూసుకుంటామని నిర్వాహకుడు మర్యాదగానే చెప్పాడు.

తిరుగు బస్సు పట్నం దాటింది. చెల్లెలు అంది:

"అక్కా, ఆ పాటకు రెండో భాగం ఉండాలే."

"పొద్దున్న గిటారు దగ్గర కూర్చో. వినపడుతుందేమో."

"వద్దు. ఈసారి నేను రాకముందే గిటారును పెట్టెలో పెట్టి మూత వేసెయ్. ఇది నేనే కట్టుకుంటా."

ముడుచుకున్న వేలిని అలాగే వదిలేసి, మిగతా వేళ్ళతో ఒళ్ళోని సంచి మీద ఏదో వెతకడం మొదలుపెట్టింది.