పట్టి ఉంచనిది

"నీకు నచ్చిన ట్రైనర్ చూసుకో, నేనే కొంటాను," అన్నాడు తాతబాబు పెరుగన్నం కలుపుకుంటూ.

ప్రమీలారాణి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పద్నాలుగేళ్ల కాపురంలో 'నీకు నచ్చింది' అన్న మాట అతని నోట విన్న గుర్తు లేదామెకు. కూరేం వండమంటారంటే 'ఏదో ఒకటి' అంటాడు. కర్టెన్లు ఏ రంగువి తెద్దామంటే 'అమ్మనడుగు' అంటాడు. అలాంటి మనిషి, నెల రోజులుగా సైకిలు పేరెత్తితేనే మొహం ముడుచుకుంటున్న మనిషి, ఈవేళ ఎందుకింత మెత్తబడ్డాడో అడగడం కూడా మర్చిపోయింది. ఊరమిరపకాయ వెయ్యనా అని మాత్రం అడిగింది.

ట్రైనర్ అంటే సైకిలును ఇంట్లోనే నిలబెట్టి తొక్కుకునే సాధనం. చక్రం తిరుగుతుంది, చెమటలు పడతాయి, ఎత్తు ఎక్కుతున్నంత బరువు కాళ్లకి తగులుతుంది. సైకిలు మాత్రం ఉన్నచోటు నుంచి జానెడు కదలదు.

ఆమెది రోడ్ బైక్. సన్నటి చక్రాలు, కిందికి వంగిన హ్యాండిలు, ఒంటిచేత్తో ఎత్తగలిగే బరువు. లాక్‌డౌన్ తర్వాతి ఏడాది, ఇనుప గనిలో పనిచేసే ఒక ఇంజనీరు విశాఖకు బదిలీ అయిపోతూ అమ్మేస్తుంటే కొనుక్కుంది. బచేలీలో ఒక ప్రైవేటు బడిలో ఆమె ఆటల టీచరు. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే. తండ్రి సన్యాసిరావు బొబ్బిలి వైపు నుంచి వచ్చి కిరందుల్ రైలు లైనులో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. భాంసీ రైల్వే క్వార్టర్లలో, తండ్రి డ్యూటీ సైకిలు కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్న పిల్ల ఆమె. పెళ్లయ్యాక మళ్లీ సైకిలెక్కింది ముప్పై ఏడో ఏట. పొద్దున్నే లేచి పప్పు నానబెట్టి, కూర తాలింపు వేసి, భర్త కేరేజీ సర్ది, అయిదున్నరకి గేటు దాటేది. ఏడింటికి తిరిగొచ్చేది. ఆ గంటన్నరా ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలిచేవాళ్లు కాదు. అత్తగారు దేవుడమ్మ మాత్రం వాకిట్లోనే కూర్చుని ఎదురు చూసేది. "మగోడిలాగ ఆ వంగడమేటే, పెమీలా? ఆ బట్టలేటి? సంఘంలో నలుగురూ ఏటనుకుంటారు?" అని రోజూ ఒకే పాట.

ఆగస్టులో ఒకరోజు, భాంసీ ముందరి మలుపులో, ఖనిజం లారీ ఒకటి మరీ పక్కకి వచ్చేసింది. తప్పుకుందామని రోడ్డంచుకి దిగితే ఎర్రటి బురదలో ముందుచక్రం జారింది. మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. తమ బడిలో వంట చేసే హిడ్మే, తన ఊరి నుంచి సైకిలు మీద పనికొస్తూ ఆమెను చూసి, తువ్వాలు చింపి చేతికి కట్టుకట్టి, ఆటో ఆపి ఆస్పత్రికి తీసుకొచ్చింది. గనిలో డ్యూటీ నుంచి పరుగెత్తుకొచ్చిన తాతబాబు మొదట అడిగింది నొప్పిగా ఉందా అని కాదు. "ఎవరైనా చూసారేటి?" అని. మర్నాడు షిఫ్టులో ఎవరో 'మీ ఆవిడ రోడ్డు మీద పడిందట కదా' అన్నారట. పడింది తనే అయినట్టు వారం రోజులు కుంటుకుంటూ తిరిగాడు. సైకిలు పడగ్గదిలో బీరువా వెనక్కి పోయింది, పైన పాత దుప్పటి.

నిజం చెప్పాలంటే భయం ఆమెకూ ఉంది. బజారులో లారీ హారన్ వినబడితే చాలు, మానిపోయిన మోచెయ్యి జివ్వుమనేది. అందుకే భర్త ట్రైనర్ మాట ఎత్తగానే ఆమెకు సంతోషంతో పాటు ఒక నిశ్చింత కూడా కలిగింది. ఆ నిశ్చింత కలిగినందుకు లోలోపల సిగ్గు కూడా పడింది.

వెతకడం మొదలుపెట్టింది. వీడియోలు చూసింది, కొన్నవాళ్లు రాసినవి చదివింది. చివరికి రాయపూర్‌లో సైకిళ్ల దుకాణం నడిపే ఒక పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన ఓపికగా హిందీలో విడమరిచి చెప్పాడు. మూడు రకాలున్నాయి మేడమ్, అన్నాడు. ఒకటి, వెనక ఇరుసును రెండువైపులా బిగించి పట్టుకుంటుంది. చక్రం ఒక చిన్న డ్రమ్ముకు ఆనుకుని తిరుగుతుంది. టైరు అరిగిపోతుంది కనక దానికి వేరే టైరు వేసుకోవాలి, ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. రెండోది ఇంకా మంచిది, చప్పుడుండదు. కానీ వెనక చక్రం మొత్తం ఊడదీసి, చైను తీసుకెళ్లి యంత్రానికే తగిలించాలి. మూడోవి రోలర్లు. వాటి సంగతి మీకెందుకులెండి అన్నాడు. ఆ తర్వాత ప్రశ్నలు వేశాడు. ఎక్కడ పెడతారు, ఎన్ని గంటలకు తొక్కుతారు, కింద ఇంట్లో ఎవరైనా ఉంటారా, చప్పుడైతే ఇబ్బందా. ఆమె పాత క్రీడాదినోత్సవం జాబితా కాగితం వెనక జవాబులు రాసుకుంటూ పోయింది.

హాల్లో కుదరదు, టీవీ ఉంది, సాయంత్రం కూతురు చిన్నమ్మి అక్కడే చదువుకుంటుంది. పడగ్గదిలో కుదరదు, రాత్రి షిఫ్టు చేసొచ్చి ఆయన పగలు పడుకుంటారు. వరండాలో అయితే దారినపోయేవాళ్లు చూస్తారు. ఇక మిగిలింది వంటింటి పక్కన, బట్టల మెషీనుకూ బియ్యం డ్రమ్ముకూ మధ్య ఉన్న చోటు. దేవుడమ్మకు ఆ చోటు బాగా నచ్చింది. "అక్కడయితే మంచిదేనే. కుక్కరు కూతలినిపిస్తాయి, పాలు పొంగితే దిగి కట్టెయ్యొచ్చు," అంది. చుట్టాలొస్తే మడిచి మంచం కిందికి తోసేలా ఉండాలని ఒక షరతు. చప్పుడుండకూడదని ఒకటి. సైకిలు కదలకుండా గట్టిగా పట్టి ఉంచేదై ఉండాలని తాతబాబు షరతు. అన్నీ విని దుకాణం ఆయన ఆఖర్న, ఇంతకూ మీకేం కావాలి మేడమ్, అనడిగాడు. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. పదకొండు వరుసలు రాసుంది, ఒక్కటీ తన గురించి కాదు. రేపు చెప్తానని ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో బట్టలు తీస్తోంది. ఇక్కడ ఆరేసిన బట్టలు ఒక్కొక్కటీ దులిపి తియ్యాలి, కొండ మీది నుంచి వచ్చే ఎర్రదుమ్ము లేకపోతే ఇంట్లోకొస్తుంది. దుప్పటి విదిలించబోతుంటే లోపలి గదిలోంచి తాతబాబు మాట వినబడింది. ఫోన్లో భూషణంతో మాట్లాడుతున్నాడు. భూషణం అతని షిఫ్టులోనే పనిచేస్తాడు, ఆదివారం చర్చిలో పక్క బెంచీ. భూషణం భార్య బజారులో కుట్టుషాపు పెట్టుకుంటానని పట్టుబట్టిందనీ, ఇంట్లో రోజూ గొడవేననీ ఆమెకు తెలుసు.

"గట్టిగా వద్దంటే ఆడోళ్లు మొండికేస్తారు, భూషణం," అంటున్నాడు తాతబాబు. "నేనేటి చేసాను? నీకు నచ్చింది కొనుక్కో, ఇంట్లోనే తొక్కుకో అన్నాను. ఇప్పుడు చూడు, రోజంతా దాని గురించే చదువుతోంది. అదొక్కటి ఇంట్లోకి వచ్చిందంటే ఇంక గుమ్మం దాటదు. నువ్వు కూడా ఓ మంచి మిషను కొని పడెయ్యి. షాపు మాట మర్చిపోద్ది."

ఆమె దుప్పటి విదల్చలేదు. అలాగే మడత పెట్టింది, దుమ్ముతో సహా. కోపం రాలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. వరసగా అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. పెళ్లయిన మూడో ఏట, జగదల్‌పూర్ వెళ్లి వ్యాయామ విద్య కోర్సు చేస్తానంది, చేస్తే ఉద్యోగం పర్మనెంటయ్యేది. వారం తిరక్కుండా ఇంటికి నల్లబల్ల వచ్చింది, ట్యూషన్లు చెప్పుకోమని. నడుం పట్టేసిన ఏడాది, ఆదివారాలు మీ బట్టలు మీరు ఉతుక్కోండి అంది. మెషీను వచ్చింది, అప్పటినుంచి అత్తగారి బట్టలూ, ఊరినుంచి వచ్చిపోయే మరుదుల బట్టలూ కూడా అందులోనే. చర్చి క్వైరుతో కలిసి కిరందుల్ పండుగలో పాడతానంటే, ఇంట్లోనే పాడుకోమని పెద్ద స్పీకరు వచ్చింది. ఏదడిగినా ఆయన కాదనలేదు. మా ఆయన ఏదీ కాదనరు అని అక్కచెల్లెళ్ల దగ్గర ఇన్నాళ్లూ గొప్పగా చెప్పుకున్నది తనే. బయట ఉన్నది ఏది కావాలన్నా, దాన్ని లోపలే ఉంచే వస్తువొకటి కొనిపెట్టాడు. ఆమె కృతజ్ఞతతో దాన్ని తుడిచి పెట్టుకుంది.

బట్టలు మంచం మీద పడేసి, రాయపూర్‌కు ఫోన్ చేసింది. ఆ మూడో రకం గురించి చెప్పండి అంది.

ఆయన కాస్త జంకాడు. అది ఒక ఇనప చట్రం మేడమ్, మూడు డ్రమ్ములుంటాయి, వాటి మీద సైకిలు ఊరికే నిలబెట్టి తొక్కాలి, అన్నాడు. దేన్నీ బిగించేది ఉండదు. రోడ్డు మీద ఎలాగో అలాగే మీరే నిలదొక్కుకోవాలి. మొదట్లో పడతారు. ఒకసారి పడి దెబ్బ తగిలినవాళ్లకు నేను ఇవ్వను, పట్టి ఉంచేదే తీసుకోండి, అని కూడా అన్నాడు. చక్రం తియ్యాలా అని అడిగింది. అక్కర్లేదన్నాడు. టైరు మార్చాలా అంటే అదీ అక్కర్లేదన్నాడు. దానిమీంచి దించి అలాగే రోడ్డెక్కొచ్చా అనడిగింది. అవును మేడమ్, పందేలకు వెళ్లేవాళ్లు ఒళ్లు వేడెక్కడానికి వాడేది అదే, అన్నాడు. అదే పంపించమంది.

వారానికి పార్సెలు వచ్చింది. తాతబాబు అట్టపెట్టె విప్పి, మూడు డ్రమ్ములనూ అటూ ఇటూ దొర్లించి చూశాడు.

"ఇదేటి, సైకిల్ని పట్టుకునేదేదీ?"

"ఉండదు. నేనే పట్టుకోవాలి."

బియ్యం డ్రమ్ము పక్కన అది పనికిరాలేదు. పడబోతే పట్టుకోవడానికి రెండు పక్కలా ఏదో ఒకటుండాలి. ఇల్లంతా కొలిచి చూస్తే హాలుకూ వంటింటికీ మధ్య గుమ్మం ఒక్కటే సరిపోయింది. రోజూ పొద్దున్న ఆరు నుంచి అరగంట, ఇంట్లో అందరూ నడిచే దారికి అడ్డంగా, ఆమె ద్వారబంధం పట్టుకుని వణుకుతూ తొక్కేది. మొదటి వారం ఎనిమిదిసార్లు పడింది. మోకాళ్లు కమిలిపోయాయి. రోలర్ల మీద చూపు ముందుకే ఉండాలి. తల తిప్పితే పడతారు, చెయ్యి చాపితే పడతారు. ఒకరోజు పాలు పొంగుతుంటే దేవుడమ్మ కేకేసింది. "దిగలేను అత్తా, మీరే కట్టండి," అందామె. తర్వాత తాతబాబు తువ్వాలు ఏదని అడిగాడు. ఆమె తల తిప్పలేదు. మొండితనం కాదు, తిప్పితే నిజంగానే పడుతుంది. అతను ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్లి తీగ మీది తువ్వాలు తనే తెచ్చుకున్నాడు.

మూడో వారానికి దేవుడమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చోవడం మొదలుపెట్టింది. తిట్టడానికే కూర్చునేది. కానీ ఒకరోజు కోడలు ద్వారబంధం వదిలి రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టి తొక్కుతుంటే, ముసలామె ఊపిరి బిగబట్టి, "బిత్తర చూపులు చూడకే, ముందుకి చూడు," అంది చాలా మెల్లగా. ఆ తర్వాత స్టవ్వు కట్టడానికి ఆమెను ఎవరూ పిలవలేదు.

డిసెంబరులో ఒక సెలవురోజు, తాతబాబు రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"దంతెవాడ."

"ఇంట్లోకి కొనిపెట్టాను కదా."

"కొన్నారు. బాగా పనికొచ్చింది," అంది.

అతని మొహం ఎర్రబడింది. మళ్లీ పడితే ఆస్పత్రికి నేను రాను అన్నాడు. ఆమెకు వెనక్కి పోదామా అనిపించింది. కానీ అప్పటికే ఒక కాలు పెడలు మీద ఉంది, రెండోది ఎత్తడమే మిగిలింది.

భాంసీ ముందరి మలుపు దగ్గర ఆగిపోయింది. రోలర్ల మీద నేర్చుకున్న నిలకడ ఒంట్లో ఉంది గానీ, భయం ఇంకా మోచేతిలోనే ఉంది. ఎదురుగా హిడ్మే సైకిలు మీద వస్తోంది, వెనక బుట్టలో సంతకు చింతపండు. దిగి, చెయ్యెలా ఉందని అడిగింది. మలుపవతల లారీ మోత వినబడుతోంది. ప్రమీల ఏమీ చెప్పకుండానే హిడ్మే తన సైకిలు రోడ్డంచున అడ్డంగా పెట్టి నిలబడింది, లారీవాడికి దూరం నుంచే కనబడేలా. లారీ నెమ్మదించి పోయింది. ప్రమీల సైకిలెక్కలేదు. నడిపించుకుంటూనే మలుపు దాటింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాటాక ఎక్కింది.

దంతెవాడ వంతెన దగ్గర టీకొట్టు బెంచీ మీద కూర్చుని మొదటి గుక్క తాగుతుండగా ఫోన్ మోగింది. తాతబాబు. వెనక కుక్కరు కూత వినిపించింది, చిన్నమ్మి ఏదో అడుగుతోంది, ఎవరో గిన్నె పడేశారు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు.

ఆమె గ్లాసు బెంచీ మీద పెట్టింది. పద్నాలుగేళ్లుగా షిఫ్టుల వెనక, సంఘం మీటింగుల వెనక, స్నేహితుల పెళ్లిళ్ల వెనక, పొయ్యి దగ్గర నిలబడి ఆ ప్రశ్న వేసింది తను. అతను ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. అది ఇంత తేలిగ్గా నోటికి వస్తుందని ఆమెకు తెలీదు.

"బయల్దేరాక చెప్తాను," అంది, ఇంకో టీకి చెయ్యి చూపిస్తూ.