చిన్న లెన్సు మీద టేపు

నేను ఒక సూక్ష్మదర్శినిని. అంబాలాలో తయారై, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో రైలెక్కి కాకినాడ కాలేజీ ప్రయోగశాలకు వచ్చాను. వచ్చిన రోజు నుంచీ నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. గాజుపలక మీద వెంట్రుక పడితే పురుగంటారు. గాలిబుడగ కనిపిస్తే కొత్త జీవి అంటారు. ఈ మనుషుల్ని ఎలా నమ్మను?

నాకున్న మూడు లెన్సుల్లో, తక్కువ పెద్దది చేసి ఎక్కువ మేర చూపే చిన్నదాని మీద ప్రొఫెసర్ సోమయాజులుగారు తెల్లటేపు అంటించేశారు. బ్యాక్టీరియా అంటే మిల్లీమీటరులో అయిదువందలవ వంతు. దాన్ని నూనెచుక్క వేసి పెద్ద లెన్సుతోనే చూడాలి, చిన్నదానితో చూడటం కాలం వృథా అని ఆయన నియమం. కంటికి కనిపించేదేదీ బ్యాక్టీరియా కాదనేవారు. ఆ ఒక్క మాటలో మాత్రం ఆయనా నేనూ ఒకటే.

ఒక సోమవారం ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఎస్తేరు కోరంగి మడ అడవుల బురదలోంచి కుళ్ళిన ఆకు తెచ్చింది. దానికి సెంటీమీటరు పొడవున తెల్లటి పోగు అంటుకుని ఉంది. అది బ్యాక్టీరియా అట! నాకు ఒళ్లు మండింది. మామూలు బ్యాక్టీరియా ఆవగింజంత అనుకుంటే, ఇది కొబ్బరిచెట్టంత అన్నమాట.

ప్రొఫెసర్ పెద్ద లెన్సు తిప్పి చూశారు. మసకగా ఏదో అంచు ముక్క తప్ప ఏమీ కనిపించలేదు.

"నూలుపోగు తెచ్చి నన్ను నమ్మమంటావేంటమ్మా? దూదితో తుడిచెయ్. రేపట్నుంచి వేరే అంశం చూసుకో."

ఎస్తేరు రెండేళ్ల కష్టం ఆ పోగులోనే ఉంది. ఆ అమ్మాయి నా చిన్న లెన్సు మీది టేపు కొసను గోటితో పట్టుకుంది.

"అంత దగ్గర్నుంచి చూత్తే దీని ఒళ్లంతా ఎలా కనపడుద్దండీ? ఆ టేపు తీసేత్తానండి సార్. ఒక్కసారి చూడండి."

తీసేసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క అడ్డుగోడ లేదు. లోపల, కొన్ని రకాల బ్యాక్టీరియాలో ఉండే గంధకం రేణువులు మెరుస్తున్నాయి. రంగు వేసి మధ్య లెన్సుతో చూస్తే, బూజుకుండే కేంద్రకం ఎక్కడా లేదు. నూలు కాదు, బూజూ కాదు. మొత్తం కలిపి ఒకే ఒక్క కణం. మళ్లీ మళ్లీ అనుమానించాను, ప్రతిసారీ ఓడిపోయాను.

ప్రొఫెసర్ చాలాసేపు నా మీంచి కన్ను తీయలేదు. తర్వాత స్టూలు మీద కూలబడ్డారు.

"నీ వయసులో నేనూ ఇలాంటిది తెచ్చానమ్మా, ఇదే బురదలోంచి. నూలుపోగన్నారు మా మాస్టారు. నా చేత్తోనే తుడిచేశాను."

ఆ రోజు నుంచి ఎస్తేరును అంశం మార్చుకోమని ఆయన మళ్లీ అనలేదు.

ఇప్పుడు నేను బీరువాలో ఉన్నాను. నా బల్ల మీదికి కెమెరా ఉన్న యంత్రం వచ్చింది. దాని మీదా నాకు నమ్మకం లేదు. కానీ నలభై ఏళ్లలో నా కింద పెట్టి, నూలని తుడిచేసిన పోగులెన్నో గుర్తొస్తున్నాయి. అందర్నీ అనుమానించిన నాకు, ఆ తుడిచే దూది మీద ఒక్కసారైనా అనుమానం రాలేదు.