పోగులు గుంపుగా తెగుతాయి

ఆగయ్య సేటు తన బిడ్డ ఆర్తిని వెంటబెట్టుకుని భివండి నార్పోలిలోని ట్యూషన్ గదికి వచ్చి, "స్టాటిస్టిక్స్‌ల తప్పుతున్నది, జర జూడు మేడం" అన్నప్పుడు లత ఆయన్ను చూడగానే గుర్తుపట్టింది. ఆ మనిషి ఆమెను గుర్తుపట్టలేదు. ఎందుకు పడతాడు? కూలీల పిల్లల మొహాలు చూసే తీరిక ఏ సేటుకుంది?

ఈ ఆగయ్యే లత తండ్రి రాజలింగాన్ని ఒక ఎండాకాలం మధ్యాహ్నం తన మరమగ్గాల కార్ఖానాలోంచి మెడబట్టి గెంటాడు. ఆ పూట రాజలింగం నడిపే సాంచె మీద పోగులు వెంటవెంట తెగాయి. అట్లా తెగితే నేసేవాడే కచ్చతో తెంపుతున్నాడని భివండి కార్ఖానాల్లో ఒక గుడ్డి నమ్మకం. పోగులు తెంపేవాడన్న పేరు గైబీ నగర్ దాకా పాకింది. మళ్లీ ఎవరూ ఆయన్ను సాంచె ముట్టనివ్వలేదు. అంత పనిమంతుడు ఇప్పుడు గోదాము ముందు వాచ్‌మన్. లత అది మరవలేదు, మరిచే ఉద్దేశమూ లేదు. ఆగయ్య తప్పు ఆయన సొంత బిడ్డతోనే అడిగించాలని ఆర్తిని చూడగానే పంతం పట్టింది.

పాఠం మాత్రం శ్రద్ధగా చెప్పింది. కోపముందని చదువు పాడుచేసే రకం కాదు.

"ఈ డిస్ట్రిబ్యూషన్లన్ని ఒక్క ఇంటోళ్లే ఆర్తీ. సాంచె ఒక్క దెబ్బ కొడితే పోగు తెగుతదా, తెగదా? గది బెర్నౌలీ. ఇన్ని దెబ్బలని ముందే అనుకొని, వాటిల ఎన్నిసార్లు తెగిందో లెక్కవెడితే బైనామియల్. దెబ్బలు లెక్కలేనన్ని, తెగే అవకాశం పిసరంత అయితే గదే పాయిజాన్ అయితది. కార్ఖానాల దినమంత తెగినయన్ని కలిపితే సగటు పెద్దగై నార్మల్‌కు దగ్గరవడ్తది."

"ఒకటి తెగినంక ఇంకోటి తెగేదాక టైమ్?"

"గది ఎక్స్‌పొనెన్షియల్. దాంట్ల చిన్న ఎడాలే ఎక్కువ. ఎవ్వరు ముట్టకున్నా పోగులు గుంపుగ తెగుతయి."

ఆర్తి పెన్ను ఆపింది. "మత్లబ్... పోగులు తెంపిండని పప్పా ఒకాయన్ని తీసేసిండు మేడం. ఆయన తెంపలేదేమో?"

"మీ పప్పానే అడుగు. అందరున్నప్పుడు అడుగు" అంది లత. ఆయన తన తండ్రేనని చెప్పలేదు.

దసరా ముందురోజు సాంచెల పూజ. ఆ రోజు కార్ఖానాకు ఎవరొచ్చినా కాదనరు. రానంటున్న తండ్రిని లత లాక్కుపోయి గుమ్మం దగ్గర నిలబెట్టింది. హారతి అయ్యాక ఇంటి ఆడపిల్ల సేటుకు బొట్టు పెట్టాలి. ఆర్తి పళ్లెం పట్టుకుని తండ్రి ముందు నిలబడి, నేర్చుకున్నదంతా అప్పజెప్పి, "ఆయన తెంపలేదు గదా పప్పా?" అని అడిగింది.

ఆగయ్యకు చిర్రెత్తుకొచ్చింది. పోగుల సంగతి తనకే నేర్పుతుందా ఈ పిల్ల?

"పోగు ఎట్ల తెగుతదో నాకు ఎరుకలేదనుకున్నవా? వాడు తెంపలేదని నాకు గప్పుడే ఎరుక. పంకాలు పెట్టాలని అందర్ని కూడగట్టిండు. ఎల్లగొట్టెతందుకు ఏదో ఒక సాకు గావాలె గద."

సాంచెలన్నీ ఆగి ఉన్నాయి. మాట అందరికీ వినబడింది. ఆగయ్య నాలుక కరుచుకున్నాడు కానీ అప్పటికే ఆలస్యమైంది.

ఆర్తి వేలు కుంకుమలోనే ఉంది. దాన్ని చున్నీకి తుడుచుకుని, పళ్లెం కింద పెట్టి, అంతమందిలో వెక్కివెక్కి ఏడ్చింది.

"పాపం, పోరి ఏం జేసింది" అని రాజలింగం వెనక్కి తిరగబోయాడు. లత ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నిలవడు బాపు. నిన్ను గెంటిననాడు నేను గూడ ఈడనే గిట్లనే ఏడ్చిన. కండ్లనిండ చూసి పోదాం."